అప్ప వేలితో చూపించి కొన్నవి

మా పై అంతస్తులో అద్దెకుండే అమ్మాయి మొన్న ఆదివారం పొద్దున్నే పేడాల డబ్బా పట్టుకుని తలుపు కొట్టింది. "దాదీ, ముందు నోరు తీపి చేసుకోండి. నా మందుల కోర్సు అయిపోయింది. డాక్టరు ఇంక రానక్కర్లేదన్నాడు" అని హిందీలో గబగబా చెప్పి, నా చేతిలో పేడా పెట్టి, నేను తినేదాకా నిలబడి చూసింది. ఆ పిల్లకి టీబీ అని ఆరు నెలల కిందట తేలింది. మొదట్లో కొన్నాళ్ళు గదిలోనే కూచుని కంప్యూటరు మీద పని చేసుకుంది. తర్వాత మామూలుగా ఆఫీసుకి వెళ్ళి వచ్చింది. సాయంత్రాలు మా రాయపూర్ తెలీబంధా చెరువు చుట్టూ నడుస్తూ నాకు ఎదురైతే చెయ్యి ఊపేది. ఆమెను చూసి పక్కకి తప్పుకున్నవాళ్ళని నేను చూడలేదు. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అన్నాను. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయాక తలుపు వేసి కుర్చీలో కూలబడ్డాను. కోడలు వచ్చి, "ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. మా అప్ప ఆ జబ్బుతోనే పోయిందని కోడలికి తెలుసు. పోయేముందు అప్పని తీసుకుని మేమంతా విశాఖపట్నం వెళ్ళిన సంగతి, అక్కడ మేము చేసిన బజారు సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయన బతికుండగా ఆయనకీ చెప్పలేదు.

మా నాన్న గూడ్సు గార్డు. మాది విజయనగరం అవతల చిన్న పల్లె. మా వైపు అక్కని అప్ప అంటాం. రాయపూర్ స్టేషనుకి దగ్గర్లో ఎర్ర ఇటుకల వరస క్వార్టర్సులో మా కాపురం. ముందు చిన్న వరండా, వెనక పెరడు, పెరడుకీ పెరడుకీ మధ్య మెడ ఎత్తు గోడ. మా వరసలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం నుంచి పట్టాల వెంట వచ్చి అక్కడ దిగిపోయిన మనుషులం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, అంట్లు తోమే ఇత్వారిన్‌తో ఛత్తీస్‌గఢీ. పొద్దున్నే అమ్మ బొగ్గుల కుంపటి వెలిగించి పెరట్లో పెట్టేది. అన్ని పెరళ్ళలోంచీ ఒకే వేళకి పొగ లేచి, స్టేషను వైపు నుంచి వచ్చే ఇంజను పొగలో కలిసిపోయేది. ఆరేసిన తెల్లబట్టల మీద మసి పడిందని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు విసుక్కునేవారు. నాన్న డ్యూటీ దిగి ఇంటికి వచ్చేందుకు ఒక వేళ అంటూ లేదు. ఎప్పుడొచ్చినా ముందు గార్డు పెట్టె వరండాలో దింపించి, జెండాలు చుట్టి గూట్లో పెట్టి, నల్లకోటు మేకుకి తగిలించేవాడు. బొగ్గు, నూనె, చెమట కలిసిన ఆ కోటు వాసన గదిలో పరుచుకున్నాకనే మాతో మాట కలిపేవాడు. ముందు అడిగే మాట ఒకటే. "సత్య ఏదీ?"

సత్యవతి మా అప్ప. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. మా ఇద్దరి మధ్య పుట్టినవాళ్ళు దక్కలేదు. మా వరసలో చదువు రాని ఆడవాళ్ళందరి ఉత్తరాలూ అప్పే రాసేది. మధ్యాహ్నం పూట ఒక్కొక్కరు కార్డు పట్టుకుని వచ్చి మా వరండాలో చాప మీద కూచునేవారు. వాళ్ళు రెండు మాటలు చెప్పి ఆగిపోతే, "మీ తమ్ముడికి పిల్ల పుట్టిందన్నారు కదా పిన్నీ, పేరేటి పెట్టారో అడగనా?" అని అప్పే అందించేది. ఎవరి ఊళ్ళో ఎవరున్నారో, ఎవరికి ఏది ఇష్టమో అన్నీ దానికి గుర్తే. పక్కింటి కమల దానికి ప్రాణస్నేహితురాలు. వాళ్ళ నాన్న కూడా రైల్వేలోనే గుమాస్తా. పని తెమిలాక గోడకి ఇటు అప్ప, అటు కమల బోర్లించిన బాల్చీలెక్కి నిలబడి, గోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకునేవారో నన్ను విననిచ్చేవారు కాదు. వాళ్ళ నవ్వు మాత్రం మా వంటింట్లోకి వినపడేది.

ఒక చలికాలం అప్పకి సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడడం మొదలైంది. తర్వాత దగ్గు. పెరట్లో తొట్టి దగ్గర మొహం కడుక్కుంటూ ఉండగా ఒకనాడు నీళ్ళలో నెత్తురు కనిపించింది. రైల్వే డాక్టరు నాన్నని పక్కకి పిలిచి ఏదో చెప్పాడు. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి కోటు విప్పకుండానే మంచం మీద కూచుండిపోయాడు. మర్నాటి నుంచి అప్పకి వేరే కంచం, వేరే గ్లాసు. అమ్మ వాటిని మరిగే నీళ్ళలో వేసి తీసేది. పెరటి వరండాలో నులకమంచం వేసి అప్పని అక్కడికి మార్చారు. గుడ్లు, పాలు, పళ్ళు పెట్టమన్నారు. మమ్మల్నెవరూ ఏమీ అనలేదు గానీ మధ్యాహ్నం ఉత్తరాలు రాయించుకోడానికి వచ్చేవాళ్ళు ఒక్కరొక్కరే తగ్గిపోయారు. చాప చుట్ట విప్పే పని లేకపోయింది. గోడకి అవతల బాల్చీ బోర్లించిన చప్పుడు కూడా ఆగిపోయింది. కమల పెరట్లోకి వస్తే తల దించుకుని పని చూసుకుని లోపలికి పోయేది. వెనకనుంచి వాళ్ళమ్మ, "కమలా, ఇలా రా" అని పిలుస్తూనే ఉండేది.

సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పాడట. ఎండలు ముదరకముందే నాన్న సెలవు పెట్టి, పాసు రాయించి, మమ్మల్ని వాల్తేరు బండి ఎక్కించాడు. నాకు అది ఊరంత పండగ. అప్ప జబ్బు తగ్గించుకోడానికి వెళుతున్నామని తెలుసు గానీ, తగ్గకపోవడం అనేది ఒకటి ఉంటుందని తెలీదు. రాయగడ దాటాక కొండల్లోంచి బండి మెల్లగా దిగుతుంటే స్టేషన్లలో మాటలు మారిపోయాయి. పార్వతీపురంలో ఒక కూలీ ఇంకో కూలీని తెలుగులో తిట్టాడు. నేను తెల్లబోయాను. తెలుగంటే ఇంట్లో మాట్లాడుకునే భాష అనుకునేదాన్ని. బజారు మనుషులూ, టీ అమ్మేవాళ్ళూ, పోలీసులూ అందరూ మా ఇంట్లోవాళ్ళలా మాట్లాడుతుంటే, "అప్పా, వీళ్ళందరూ మనకి చుట్టాలా?" అని అడిగాను. అప్ప కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునే నవ్వింది. "ఔనే. అందరూ మనవాళ్ళే. వెళ్ళి పలకరించు" అంది.

సముద్రానికి కాస్త దూరంలో, గాలిమార్పు కోసం వచ్చేవాళ్ళు బస చేసే వీధిలో, నాన్నతో పనిచేసే ఒకాయన బంధువుల ఇంటి వెనకభాగం మాకు దొరికింది. ఇంటివాళ్ళకి ఉన్నమాట చెప్పే నాన్న తీసుకున్నాడు. పొద్దున్నా సాయంత్రం అప్పని ఇసకలోకి నడిపించుకుని వెళ్ళేవాళ్ళం. మొదటిరోజు అప్ప అలలు కాళ్ళకి తగిలేచోట నిలబడి సముద్రాన్ని చూసింది. చాలాసేపయ్యాక, "ఇంత నీళ్ళుండీ ఒక్క గ్లాసుడు తాగడానికి పనికిరావట. పాపం" అంది. పది రోజులు తిరిగేసరికి దాని బుగ్గల్లో కాస్త రంగు వచ్చింది. అన్నం అడిగి తింది. దగ్గు కూడా తగ్గినట్టనిపించింది. అమ్మ ఎవరూ చూడకుండా దండం పెట్టుకోవడం నేను చూశాను. నాన్న అయితే ఇసకలో పంచె ఎగ్గట్టి నాతో కలిసి గవ్వలు ఏరాడు. ఆయన్ని కోటు లేకుండా అన్ని రోజులు వరసగా చూడడం నాకు అదే మొదలు. మా నలుగురం ఒకేచోట, ఒకే వేళకి భోంచేసిన రోజులు నా చిన్నతనంలో అవే.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం అప్ప, "అందరికీ ఏవైనా కొనుక్కెళ్దాం నాన్నా" అంది.

అమ్మ వెంటనే, "ఇప్పుడవన్నీ ఎందుకే. ఎవులికి?" అంది.

"ఎవులికేటి? కమలకి. చివరింటి చాచీకి. ఇత్వారిన్‌కి. సముద్రం దాకా వెళ్ళి ఉత్తి చేతుల్తో వెళ్తామా?"

అమ్మ నాన్న మొహం చూసింది. ఆ చూపులో ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎవరు తీసుకుంటారు అని అమ్మ నోటిదాకా వచ్చి ఉంటుంది. నాన్న లేచి, "పదండి. సత్య అడిగిందే ఎప్పుడు గనక" అన్నాడు.

ఒడ్డుకి పైన రోడ్డు ఎత్తుగా ఉండేది. దొరల బంగళాలు, హోటళ్ళు దాటాక అయిదారు దుకాణాలు వరసగా ఉన్నాయి. అన్నిట్లోనూ దాదాపు అవే వస్తువులు. గవ్వల దండలు, గవ్వలు అతికించిన పెట్టెలు, అద్దాలు, శంఖాలు, లక్కపిడతలు, కొమ్ముతో చేసిన దువ్వెనలు, కుంకుమ భరిణెలు. కొత్త లక్కవాసన, చేపల వాసన, ఉప్పుగాలి కలిసి ముక్కు పుటాలు అదిరేవి. అప్ప మొదటి దుకాణం చూసి పెదవి విరిచింది. రెండోది దాటేసింది. మూడో దుకాణంలో కళ్ళద్దాలు పెట్టుకున్న ముసలాయన పీట మీద కూచుని పీచుతో దువ్వెన రుద్దుతున్నాడు. అప్ప అక్కడ ఆగింది. సన్నపళ్ళున్న ఒక చిన్న దువ్వెన తీసి వెలుగుకి ఎత్తి చూసింది. "ఇది గేదె కొమ్మేనా తాతా, రంగు వేశారా?" అని అడిగింది. "రంగు వేస్తే నా చెయ్యి నరికెయ్యండమ్మా" అన్నాడాయన. అప్ప పకపకా నవ్వింది. జబ్బు చేశాక అది అలా నవ్వగా నేను వినలేదు. అమ్మ కూడా నవ్వింది.

ముందు చాచీ కోసం శంఖం చూశాం. మా వరస చివరింట్లో ఉండే స్టేషను మాస్టరుగారి భార్యని మేము చాచీ అనేవాళ్ళం. రోజూ పూజలో శంఖం ఊదేది. ఆవిడ శంఖం బీట పడి గాలి జారిపోతోందని, ఊదితే పిల్లి అరిచినట్టుంటోందని అప్పకి గుర్తుంది. ముసలాయన నాలుగు శంఖాలు వరసగా పెట్టాడు. అప్ప వాటిలో ఒకటి రెండు చేతుల్లోకి తీసుకుంది. పాలమీగడ రంగు, లోపల లేత గులాబీ రంగు.

"శంఖం ఊది చూసుకుని కొనాలి పాపగారూ. ఊదండి, పలుకు తెలుస్తుంది" అన్నాడు ముసలాయన.

అప్ప శంఖం పెదవుల దాకా ఎత్తింది.

"సత్యా!" అంది అమ్మ. ఒక్కటే మాట. గట్టిగా కూడా అనలేదు.

అప్ప చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ముసలాయన ఏమీ తెలియక ఒకసారి అమ్మనీ ఒకసారి అప్పనీ చూశాడు. నాన్న సముద్రం వైపు తిరిగాడు. అప్ప మెల్లగా శంఖం కిందికి దించి, పమిటచెంగుతో దాన్ని చుట్టూ తుడిచి, పలక మీద పెట్టేసింది. "మీరే ఊదండి తాతా" అంది. ఆయన చేతికి అందిన ఇంకో శంఖం ఊదాడు. దుకాణం బయట పోతున్నవాళ్ళు తిరిగి చూశారు. "అదే ఇవ్వండి" అంది అప్ప.

"ఇందాక నువ్వు తీసిందే బాగుంది అప్పా. గులాబీ రంగుది" అన్నాను నేను.

"వద్దులే. అది ఉండనీ."

ఆ తర్వాత అప్ప రెండడుగులు వెనక్కి వేసి, చేతులు రెండూ వెనక కట్టుకుని నిలబడింది. మిగిలిన బజారంతా అలాగే చేసింది. "చిట్టీ, ఆ దండ తియ్యి. అది కాదు, పక్కది. పైకెత్తు. ఇటు తిప్పు" అని నాకు చెబుతూ, వేలితో చూపిస్తూ ఏరింది. ఇత్వారిన్ కోసం పసుపుచుక్కల గవ్వల దండ. కమలకి ఏరడానికే ఎక్కువసేపు పట్టింది. తలలో పెట్టుకునే చిన్న కొమ్ముదువ్వెన కావాలి, వీపు మీద రెండు చేపలు ఎదురెదురుగా ఉండాలి అంది. ముసలాయన పెట్టెలన్నీ దింపాడు. ఒక చేపదే ఉంది, చిలకలది ఉంది, నెమలిది ఉంది. "రెండు చేపలదే కావాలి తాతా. ఒక్కటి అయితే అది ఎవరితో మాట్లాడుతుంది?" అంది అప్ప. చివరికి అట్టడుగున దొరికింది. నేను దువ్వెనని అప్ప కళ్ళ ముందు పట్టుకున్నాను. వంగి, చాలాసేపు చూసి, "కాగితంలో చుట్టించు" అంది. నాకు లక్కపిడతల బుట్ట. అది కూడా వేలితోనే చూపించింది. నీకేం కొనుక్కుంటావని నాన్న అడిగితే, "ఇవన్నీ చూశాను కదా, నాకది చాలు" అంది. అది అలిసిపోయిందనీ, అందుకే చేతులు కట్టుకుని నిలబడిందనీ నేను అనుకున్నాను.

రాయపూర్ వచ్చిన మర్నాడు అప్ప నన్ను మంచం దగ్గరికి పిలిచింది. "ఇవి తీసుకెళ్ళి ఇచ్చి రా చిట్టీ. అమ్మ కొనిందని చెప్పు. నా పేరు ఎత్తకు. మరిచిపోకేం?"

"ఎందుకు?"

"ఎందుకేటి, చెప్పిందల్లా చెయ్యడానికి నీకు కారణాలు కావాలా? అమ్మ కొనింది. అంతే."

నాకు అది అన్యాయమనిపించింది. దుకాణమంతా వెతికించింది అప్ప. ఎవరికి ఏది ఇష్టమో గుర్తుపెట్టుకున్నది అప్ప. పేరు అమ్మకి రావడమేమిటి? అందరూ అప్పని మెచ్చుకోవాలనీ, మళ్ళీ మా వరండాలో చాప పరవాలనీ నాకుంది. తొమ్మిదేళ్ళదాన్ని. ముందు కమల వాళ్ళింటికే వెళ్ళాను. వాళ్ళమ్మ గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతోంది.

"అత్తయ్యా, కమలక్కకి విశాఖపట్నం నుంచి తెచ్చాం."

"అలాగా! ఏటే తెచ్చారు?" అని చెయ్యి చాపింది.

"దువ్వెన. మా అప్పే ఏరింది. రెండు చేపలున్నదే కావాలని దుకాణంలో పెట్టెలన్నీ దింపించింది" అన్నాను, గొప్పగా.

చాపిన చెయ్యి అక్కడే ఆగింది. లోపల్నుంచి కమల పరిగెత్తుకుని వచ్చి, "సత్య పంపిందా? ఏదీ?" అని నా చేతిలో పొట్లం అందుకోబోయింది. వాళ్ళమ్మ దాని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "ఆ అరుగు మీద పెట్టెయ్యి చిట్టీ. మా చేతులు తడిగా ఉన్నాయి" అంది. ఆవిడ చేతులు తడిగా లేవు. బియ్యప్పొడి అంటుకుని ఉంది వాటికి. నేను అరుగు మీద పెట్టాను. కమల పొట్లాన్నే చూస్తూ నిలబడింది.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. చాచీ ఇంట్లోనూ అదే చెప్పాను. ఆవిడ మంచి మనిషి. నా బుగ్గ దగ్గరగా వేళ్ళు తెచ్చి, తాకకుండానే ముద్దు పెట్టుకున్నట్టు చేసి, "ఆ గోడ మీద పెట్టు బేటీ, తర్వాత తీసుకుంటాను" అంది. ఆ శంఖం ఆ గోడ మీదే ఉండిపోయింది. వానలు పడ్డాక అందులో నీళ్ళు నిలిస్తే పిచికలు వచ్చి తాగేవి. ఇత్వారిన్ ఒక్కతే అంట్లు తోముతున్న బూడిద చేతులతోనే దండ అందుకుని అక్కడికక్కడే మెడలో వేసుకుంది. అమ్మ నీళ్ళు నమిలి, "కడిగి వేసుకోవలసింది ఇత్వారిన్" అంటే, "మోర్ నోనీ దేహే హే, కాబర్ ధోహూఁ?" అంది. నా బిడ్డ ఇచ్చింది, ఎందుకు కడుగుతాను అని. అప్ప మంచం మీంచి చూసి మొహం అటు తిప్పుకుంది.

మర్నాడు పొద్దున కుంపట్లు వెలిగించే వేళ పెరట్లో వెంట్రుకలు కాలుతున్న వాసన వచ్చింది. నేను బాల్చీ ఎక్కి గోడ అవతలికి చూశాను. కమల వాళ్ళ కుంపట్లో ఎర్రటి బొగ్గుల మీద దువ్వెన మెలికలు తిరుగుతోంది. ఒక చేప అప్పటికే లేదు. వాళ్ళమ్మ పట్టకారుతో రెండోదాన్ని లోపలికి తోస్తోంది. కమల తొట్టి పక్కన కూచుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. నన్ను చూసింది. నేను బాల్చీ దిగాను.

"ఏటే ఆ వాసన?" అంది అప్ప మంచం మీంచి.

"ఎవరో దువ్వుకున్న చిక్కు వెంట్రుకలు కుంపట్లో పడేశారు."

"అలాగా." మంచం మీద ఇటు తిరిగి, "కమల ఏమంది? నిన్న నువ్వు చెప్పనే లేదు" అంది.

"వెంటనే తలలో పెట్టుకుంది అప్పా. అద్దంలో చూసుకుంది. ఎంతో బాగుందంది."

"చేపలు చూసిందా?"

"చూసింది. నవ్వింది."

"ఆహా" అని అప్ప దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

తర్వాత చాలా రోజులు అది అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. కమలక్క శుక్రవారం పెట్టుకుంది, కమలక్క బూఢా తాలాబ్ దగ్గర గుడికి పెట్టుకెళ్ళింది, దాని పిన్ని చూసి నాకూ కావాలంది. అప్ప మంచం నుంచి చూస్తే గోడ మీదుగా పక్కింటి పెరట్లో తిరిగేవాళ్ళ తలలు కనిపిస్తాయి. బట్టలారేసే కమల తల రోజూ కనిపించేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఒకరోజు నుంచి అప్ప అడగడం మానేసింది.

వానలు బాగా పట్టాక ఒక మధ్యాహ్నం అప్ప పోయింది. నాన్న ఆ వేళకి లైను మీద ఉన్నాడు. కబురు అంది ఎదురుబండిలో వచ్చేసరికి సాయంత్రమైంది. కోటుతోనే లోపలికి వచ్చాడు. కమల వాళ్ళమ్మ మా గుమ్మం బయట వానలో కూలబడి, "తల్లీ, నా తల్లీ" అని గుండెలు బాదుకుంది. ఆవిడ తమ్ముళ్ళిద్దరూ ఆ జబ్బుతోనే పోయారనీ, ఇద్దరినీ తన చేతులతోనే సాకిందనీ మాకు ఆ రోజే తెలిసింది. ఆవిడ మీద నాకు కోపం ఉండేది. ఎప్పుడు పోయిందో గుర్తులేదు, పిల్లల తల్లినయ్యాక అయి ఉంటుంది. అప్ప మంచం, దుప్పట్లు, చీరలు అన్నీ తగలబెట్టారు. దాని చేతివాత కూడా మా ఇంట్లో మిగల్లేదు. అది రాసిన ఉత్తరాలన్నీ ఎవరెవరి ఊళ్ళకో వెళ్ళిపోయాయి.

చాలా ఏళ్ళ తర్వాత, నా పెళ్ళయి నేను పురిటికి వచ్చినప్పుడు, అమ్మ ఏదో మాటల్లో విశాఖపట్నం ఎత్తింది. "ఆ రోజు నేను 'సత్యా' అనకుండా ఉండాల్సింది. ఆ తర్వాత అది ఒక్క వస్తువు ముట్టుకుందా? అన్నీ వేలుతో చూపించింది. తను ముట్టుకున్నవి వాళ్ళకివ్వకూడదని" అంది. నాకు అప్పుడు తెలిసింది. గులాబీరంగు శంఖం ఎందుకు వద్దందో, ప్రతి వస్తువునీ నా చేతే ఎందుకు ఎత్తి పట్టించిందో. కుంపట్లో కాలిన దువ్వెన మీద అప్ప వేలు కూడా పడలేదు. ఆ ఒక్క మాట ఆ రోజు గుమ్మంలో నేను చెప్పి ఉంటే? లేదా అప్ప చెప్పమన్నట్టు అమ్మ కొనిందని చెప్పి ఉంటే? కమల ఆ దువ్వెన తలలో పెట్టుకునేది. గోడ మీంచి అప్పకి కనిపించేది. ఇప్పుడు మా మనవలు విశాఖపట్నం వెళ్ళి వస్తే సంచీ విప్పి మంచం మీద కుమ్మరిస్తారు. ఎవరు ఏది ముట్టుకున్నారో, ఎవరు ఏరారో ఎవరికీ పట్టదు. అప్ప పోయిన కొన్నేళ్ళకే మందులు కూడా మామూలు జనానికి దొరికాయి. కొన్నేళ్ళు. అంతే తేడా.

పక్కింటివాళ్ళనీ చాచీనీ తలుచుకుని నేను చాలాకాలం ఏడ్చాను. కానీ అసలు చెప్పవలసింది వాళ్ళ గురించి కాదు. మేము విశాఖపట్నం నుంచి వచ్చిన నెల్లాళ్ళకి, నాన్నతో పనిచేసే గార్డు ఒకాయన నాగపూర్ నుంచి కమలాపళ్ళు తెచ్చి ఇచ్చాడు. అప్పటికి వాళ్ళ భయమంతా నాకు అంటుకుంది. పెద్దవాళ్ళ మొహాలు చూసి నేర్చుకున్నాను. అప్ప మంచం దగ్గరికి వెళ్ళాలంటే ఏదో పని ఉందని తప్పించుకునేదాన్ని. ఆ రోజు అప్ప పండు ఒలిచి, పీచు తీసి, ఒక తొన నా వైపు చాపింది. "ఇదిగో చిట్టీ. పెద్ద తొన నీకే." నేను తీసుకున్నాను. నోట్లో వేసుకున్నట్టు చెయ్యి మూతి దగ్గర పెట్టుకుని, దవడలు ఆడిస్తూ, పెరటి మూలకి పరిగెత్తి గోడ అవతలికి విసిరేశాను. తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుని, గౌనుకి తుడుచుకుని మళ్ళీ వచ్చి నిలబడ్డాను.

"ఎలాగుందే?" అంది అప్ప.

"తియ్యగా ఉంది."

అప్ప నా తడి గౌను చూసింది. నా మొహం చూసింది. తన చేతిలో ఉన్న తొన నోట్లో వేసుకుని మెల్లగా నమిలింది.

"నాది పుల్లగా ఉందే. పోన్లే, నీదైనా తియ్యగా ఉంది కదా" అంది.

ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన ఏ పండూ అప్ప ఒలిచి నాకు ఇవ్వలేదు. అమ్మ బుట్ట పట్టుకుని మంచం దగ్గరికి రాగానే చేతులు దుప్పటి కింద పెట్టేసుకుని, "ముందు చిట్టికి తీసి పక్కన పెట్టమ్మా, తర్వాత నాకియ్యి" అనేది.